లోయరింగ్ స్ప్రింగ్స్ వేస్కోవాలనుకుంటున్నారా, ముందు టేపు తీస్కుని కారు కింద దూరండి

టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య నాలుగు వేళ్ళు పట్టే సందు చూస్తే కొంతమందికి నిద్రపట్టదు, నాకూ అదే జబ్బు, ఆ సందు తగ్గేలా కారుని కిందకి దింపేవే లోయరింగ్ స్ప్రింగ్‌లు. నాది 2013 స్విఫ్ట్ పెట్రోల్, అంటే 2011లో వచ్చిన రెండో జనరేషన్ బాడీ, కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. కొన్నప్పుడే వెనక కొంచెం కూలబడినట్టు ఉంది, అడిగితే "లోడ్ వేసి వేసి దిగింది సార్, బుష్‌లు మారిస్తే లేస్తది" అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చి తీరిగ్గా జాకీ ఎత్తి చూస్తే వెనక స్ప్రింగ్ ఒక చుట్టు పైనే కోసేసి ఉంది, గ్రైండర్ గీతలు కూడా పోలేదు. చక్రం గాల్లోకి లేవగానే స్ప్రింగ్‌ని చేత్తో ఊపితే లడలడా ఊగుతోంది, అంటే ఏదైనా పెద్ద గుంతలో చక్రం కిందకి వేలాడితే స్ప్రింగ్ సీట్లోంచి పక్కకి తప్పుకోవచ్చన్నమాట, ఆ బండిలోనే అమ్మనీ నాన్ననీ ఎక్కించుకుని హైదరాబాద్ నుంచి గుంటూరు దాకా హాయిగా పాటలు వింటూ వచ్చేశాను.

మొదట స్టాక్ స్ప్రింగ్‌లు, అంటే కంపెనీ బండితో ఇచ్చే రకం, తెచ్చి వేశా, ఏడాది స్టాక్ మీదే తిరిగా, తర్వాత బుద్ధిగా సరైన లోయరింగ్ సెట్ కొని మా బామ్మర్దీ నేనూ కలిసి మార్చుకున్నాం, ఆ తర్వాత వాడి డిజైర్‌కి కూడా చేశాం. రాసేదంతా ఆ రెండు బళ్ళతో నేర్చుకున్నదే. స్విఫ్ట్, డిజైర్ లాంటి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఒకే స్తంభంలా కలిసినది), వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం) ఉన్న చిన్న కార్లకి దాదాపు ఇదే పద్ధతి.

అసలు తగ్గేది ఏంటి

అందరూ చూసేది ఫెండర్ దగ్గర సందు. నిజంగా తగ్గేది మాత్రం చక్రం పైకి లేవడానికి లోపల ఉన్న జాగా. గుంతో స్పీడ్ బ్రేకరో వచ్చినప్పుడు చక్రం పైకి లేస్తుంది, షాక్ అబ్జార్బర్ రాడ్ లోపలికి వెళ్తుంది, వెళ్ళి వెళ్ళి చివర్లో బంప్ స్టాప్ అనే రబ్బరు ముద్దకి తగులుతుంది. బండి మామూలుగా నిలబడి ఉన్న చోట నుంచి ఆ ముద్ద దాకా ఉదాహరణకి 80 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, మీరు కారుని 30 దింపితే మిగిలేది 50, 50 దింపితే మిగిలేది 30. నలుగురు ఎక్కి డిక్కీలో బియ్యం బస్తా పడితే వెనక ఆ 30 కూడా అక్కడికక్కడే అయిపోతుంది, ఇక బండి స్ప్రింగ్ మీద కాదు ముద్ద మీద నడుస్తున్నట్టే, ప్రతి గుంతా నడుముకే.

అందుకే లోయరింగ్ స్ప్రింగ్ ఊరికే పొట్టిగా ఉంటే చాలదు, గట్టిగా కూడా ఉండాలి, తక్కువ జాగాలో అదే దెబ్బని ఆపాలి కదా. ఇక్కడ చాలామందికి లెక్క తిరగబడుతుంది. ముందు ఒక మూల స్ప్రింగ్ మీద 250 కేజీలు పడుతున్నాయి, స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకి 2 కేజీలు అనుకోండి, అది 125 మిల్లీమీటర్లు నొక్కుకుని నిలబడుతుంది. అదే పొడుగుతో మిల్లీమీటరుకి 2.5 కేజీల గట్టి స్ప్రింగ్ వేస్తే 100 మాత్రమే నొక్కుకుంటుంది, అంటే కారు 25 పైకి లేస్తుంది! ఆ గట్టి స్ప్రింగ్‌తోనే 30 కిందకి దింపాలంటే విడిగా ఉన్నప్పటి పొడుగు 55 తగ్గాలి. పాత స్ప్రింగ్ పక్కన కొత్తది పెట్టి "ఇంత పొట్టిగా ఉందేంట్రా" అని భయపడకండి, అది అలాగే ఉంటుంది. నా బామ్మర్ది ఐతే తప్పు బాక్స్ పంపారని ఫోన్ చేయబోయాడు.

కోసిన స్ప్రింగ్ ఎందుకు వద్దో కూడా ఈ లెక్కలోనే ఉంది. స్ప్రింగ్ గట్టిదనం పనిచేసే చుట్ల సంఖ్యకి తలకిందులుగా ఉంటుంది, ఆరు చుట్లలో ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, అది ఫర్వాలేదు అనిపిస్తుంది, కానీ పొడుగు మాత్రం గబుక్కున పడిపోతుంది, పైగా చివర చుట్టు సీట్లో కూర్చునేలా చేసిన ఆకారం పోతుంది, చక్రం వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులైపోతుంది. మంచి కంపెనీ స్ప్రింగ్‌లో పైనో కిందో దగ్గర దగ్గరగా చుట్టిన మెత్తటి చుట్లు ఎందుకు పెడతారంటే, చక్రం పూర్తిగా వేలాడినా స్ప్రింగ్ రెండు సీట్లనీ పట్టుకునే ఉండాలని. గ్యాస్ కట్టర్‌తో వేడిచేసి కూలబెట్టేవాళ్ళు ఇంకో రకం, ఎర్రగా కాల్చిన చోట ఉక్కు టెంపర్ పోతుంది, కొన్నాళ్ళకి అదే చోట ఇంకా కూలడమో విరగడమో జరుగుతుంది. ఈ రెండూ ఎవరు ఉచితంగా చేస్తానన్నా వద్దు.

ఏది కొనాలి, ఎంత దింపాలి

మన రోడ్లకి 25 నుంచి 30 మిల్లీమీటర్లు. నలభై అంటే ఇంట్లో ఇంకో కారు ఉన్నవాళ్ళకి. యాభై అరవై అంటే ఫొటోలకి. నా అభిప్రాయమే అనుకోండి, కానీ కారణం ఉంది. స్పీడ్ బ్రేకర్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మెల్లగా ఎక్కి మెల్లగా దిగే గుట్ట. అది కాగితం మీద. మా కాలనీలో ఉన్నది కాంట్రాక్టర్ మిగిలిన కాంక్రీటు ఒలకబోసినట్టు అడుగు వెడల్పులో గోడలా ఉంటుంది. 170లోంచి 30 పోతే 140, అది కూడా ఖాళీ బండికి, మనుషులు ఎక్కితే ఇంకా తగ్గుతుంది. 2018లో వచ్చిన స్విఫ్ట్ ఐతే మొదలే 163.

ఎత్తు ఒక్కటే కాదు, జామెట్రీ కూడా ఉంది. ముందు చక్రాన్ని కింద నుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ స్టాక్‌లో లోపలి నుంచి బయటికి కొంచెం కిందకి వాలి ఉంటుంది. 25, 30 దింపితే అది దాదాపు అడ్డంగా వస్తుంది, ఇంకా దింపితే బయటి కొస పైకి తిరుగుతుంది. అక్కడి నుంచి రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) బాడీ దిగినదానికన్నా ఎక్కువగా కిందకి జారిపోతుంది, అంటే కారు కిందకే వచ్చింది గానీ మలుపులో ఒరగాలనే గుణం పెరిగింది, దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగ్ కావాలి, అప్పుడు నడుము పోతుంది. స్టీరింగ్ టై రాడ్ కోణం కూడా మారి, గుంతల్లో స్టీరింగ్ దానంతట అదే చిన్నగా లాగడం మొదలవుతుంది. ఎక్కువ దింపితే ఎక్కువ హ్యాండ్లింగ్ అనేవాళ్ళకి ఈ పేరా చదివి వినిపించండి.

కొనేటప్పుడు మీ బండి మోడల్, సంవత్సరం, ఇంజిన్ మూడూ కలిసే పార్ట్ నంబరే తీస్కోండి. డీజిల్ స్విఫ్ట్ పెట్రోల్‌దాని కన్నా సుమారు 100 కేజీలు బరువు, అదీ ఎక్కువగా ముందు భాగంలోనే, పెట్రోల్ స్ప్రింగ్ డీజిల్‌కి వేస్తే ముక్కు నేలకి ఆనుతుంది. ఐబాక్, హెచ్ అండ్ ఆర్ లాంటి జర్మనీ కంపెనీల సెట్లలో మృదువైనదీ దూకుడైనదీ విడివిడిగా ఉంటాయి, ఐబాక్‌లో ప్రో కిట్ తక్కువ దించేది, స్పోర్ట్‌లైన్ ఎక్కువ దించేది. మీ బండికి వాళ్ళ దగ్గర సెట్ లేకపోతే దగ్గరగా ఉన్న ఇంకో మోడల్‌ది తెచ్చి ఇరికించకండి, మన దేశంలో చేసేవాళ్ళని అడగండి, కానీ అడగాల్సినవి మూడు, ముందు ఎంత దిగుతుంది, వెనక ఎంత దిగుతుంది, స్టాక్ షాక్‌లతో చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగ్ వదులవుతుందా. మూడోదానికి నీళ్ళు నమిలితే ఆ షాపు వదిలేయండి. తీగ మందం కూడా చూడండి, ఎందుకంటే గట్టిదనం మందానికి నాలుగో ఘాతంతో పెరుగుతుంది, మిగతావన్నీ సమానంగా ఉంటే 12 మిల్లీమీటర్ల తీగ 13 ఐతేనే దాదాపు 38 శాతం గట్టి. కంటికి కనపడని ఒక్క మిల్లీమీటరు వెన్నుకి కనపడుతుంది.

షాక్‌ల సంగతి. స్ప్రింగ్ నొక్కుకున్నాక తిరిగి విదిలించుకోకుండా ఆపేది షాక్. 60, 70 వేల కిలోమీటర్లు తిరిగిన స్టాక్ షాక్‌ల మీద గట్టి స్ప్రింగ్ వేస్తే బండి ఫ్లైఓవర్ జాయింట్ల మీద కప్పలా గెంతుతుంది. కారు మూల మీద బరువేసి నొక్కి వదలండి, ఒకసారి లేచి ఆగితే ఓకే, రెండోసారి ఊగితే, లేదా షాక్ మీద నూనె తడి కనిపిస్తే, స్ప్రింగ్‌లతో పాటే షాక్‌లు కూడా తీస్కోండి, లేబర్ ఒకటే కదా. పొట్టి షాక్‌లు కావాలా అని అడుగుతారు, 30 లోపు ఐతే మంచి స్థితిలో ఉన్న స్టాక్ పొడుగు చాలు. బిల్‌స్టీన్‌లో బి6 స్టాక్ ఎత్తుకి, బి8 దింపిన బళ్ళకి పొట్టి బాడీతో వస్తుంది, తేడా అక్కడుంది.

కొనేముందు చేయాల్సిన ఒక చిన్న పరీక్ష చెప్తా, ఇది చేసి ఆగిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. ముందు స్ట్రట్ మీద డస్ట్ బూట్ పైకి జరిపి మెరిసే రాడ్‌కి ఒక సన్న ప్లాస్టిక్ జిప్ టై బిగుతుగా కట్టి షాక్ బాడీ దాకా కిందకి తోసి పెట్టండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీరు రోజూ తిరిగే దారిలో ఒక రౌండ్ వెళ్ళి రండి. చక్రం లేచినప్పుడల్లా టై పైకి జరుగుతుంది, ఎక్కడ ఆగిందో చూస్తే మీకు రోజూ ఎంత ప్రయాణం ఖర్చవుతుందో తెలిసిపోతుంది. అది ఇప్పటికే బంప్ స్టాప్ దాకా వెళ్ళిపోతే మీ రోడ్డుకి స్టాక్ ఎత్తే చాలడం లేదని అర్థం, డబ్బులు టైర్ల మీద పెట్టండి.

చట్టం గురించి దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది, అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఎ కింద మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టొచ్చు. జర్మనీలో ఉన్న మనవాళ్ళకి ఐతే దారి స్పష్టంగా ఉంటుంది, స్ప్రింగ్ సెట్‌తో పాటు పరీక్ష పత్రం వస్తుంది, టీయూవీ అనే వాహన తనిఖీ సంస్థ వాళ్ళకి చూపించి బండి కాగితాల్లో ఎక్కించుకోవాలి. మన దగ్గర చేసేవాడు తన పూచీ మీద చేస్కోవడమే.

కావాల్సిన సామాన్లు

సిమెంటు గచ్చు ఉన్న చదునైన చోటు కావాలి, మట్టి నేల మీద ఈ పని పెట్టుకోకండి. ట్రాలీ జాకీ, కనీసం రెండు జాక్ స్టాండ్‌లు, 12 నుంచి 19 దాకా సాకెట్లు, రింగు పానాలు, అలెన్ కీ సెట్టు, టార్క్ రెంచ్ (బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో కొలిచే పానా), డబ్ల్యూడీ-40, పెయింట్ మార్కర్, కట్టు తీగ, రెండు చెక్క దిమ్మెలు, స్ప్రింగ్ కంప్రెసర్ జత. జాక్ స్టాండ్ బదులు ఇటుకలు పెట్టేవాళ్ళని చూశా, ఇటుక చెప్పి పగలదు. విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కింద పడుకోబెట్టండి, స్టాండ్ జారినా కారు చక్రం మీద ఆగుతుంది, మీ మీద కాదు. సర్వీస్ మాన్యువల్‌లో మీ బండి బోల్టుల టార్క్ అంకెలు ముందే రాసి గోడకి అంటించుకోండి. ఇద్దరు మనుషులు, ఒక పూర్తి రోజు. మొదటిసారి మాకు పొద్దున ఎనిమిదికి మొదలెడితే లైట్లు వేస్కుని ముగించాం, అందులో రెండు గంటలు ఒక తుప్పు బోల్టుకే పోయాయి, కాబట్టి ముందురోజు రాత్రే బోల్టులన్నిటికీ డబ్ల్యూడీ-40 కొట్టి పెట్టండి.

విప్పేముందు నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలవొద్దు, టైర్లో గాలి మారితే అంకె మారుతుంది.

వెనక నుంచి మొదలెట్టండి, అది తేలిక

ముందు చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, గేరులో వేసి, వెనక చక్రాల నట్లు నేల మీద ఉండగానే కొంచెం వదులు చేసి, అప్పుడు ఎత్తి రెండు వైపులా స్టాండ్‌లు పెట్టండి. జాకీని బీమ్ కింద పెట్టి ఒక చెయ్యి మోపినంత ఎత్తండి చాలు. రెండు షాక్‌ల కింది బోల్టులూ తీసేయండి. ఇప్పుడు జాకీని మెల్లగా దించితే బీమ్ కిందకి వస్తుంది, స్ప్రింగ్ వదులై చేత్తో తీసేయొచ్చు, కంప్రెసర్‌తో పనే లేదు. దించేటప్పుడు ఒకరు బ్రేక్ హోస్‌లనీ హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌నీ చూస్తూ ఉండాలి, అవి బిగుసుకుంటున్నాయంటే ఆపి క్లిప్పులు విప్పండి, బీమ్ బరువంతా బ్రేక్ పైపు మీద వేలాడితే ఆ పైపు పని అంతే.

పై రబ్బరు సీటూ కింది రబ్బరు సీటూ కొత్త స్ప్రింగ్‌కి మార్చండి, చిరిగిపోతే కొత్తవి కొనండి, లేకపోతే లోహానికి లోహం తగిలి కిర్రుకిర్రుమంటూ ప్రాణం తీస్తుంది. స్ప్రింగ్ కొస సీట్లో ఉన్న మెట్టుకి ఆనాలి. కంపెనీ అక్షరాలు తలకిందులుగా కనిపిస్తుంటే దాదాపుగా మీరు స్ప్రింగ్‌ని తిరగేసి పెట్టినట్టే, ఐనా బాక్సులో కాగితం చూసే నిర్ణయించుకోండి.

తర్వాత జాకీతో బీమ్ ఎత్తి షాక్ బోల్టులు వేయండి, కానీ ఫైనల్‌గా బిగించొద్దు. ఇది చాలా షెడ్లలో కూడా చేసే తప్పు. షాక్ కింద ఉండే బుష్ రబ్బరు లోపలి గొట్టానికి అతుక్కుని ఉంటుంది, చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ కోణంలో ఖాయమైపోతుంది, కారు నేలకి దిగాక అది ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొన్ని నెలల్లో చీలుతుంది, అంతేకాదు కారు మీరు అనుకున్నంత దిగదు కూడా. బీమ్‌ని జాకీతో బండి నిలబడే ఎత్తు దాకా ఎత్తి, అంటే హబ్ (చక్రం మధ్య బిందువు) నుంచి ఫెండర్ కొలత మీరు రాసుకున్నదానిలోంచి 30 తగ్గేదాకా ఎత్తి, అప్పుడు టార్క్ పెట్టండి.

ముందు వైపు, ఇక్కడే ప్రాణం మీదకి వచ్చేది

చక్రం తీశాక స్ట్రట్‌కి ఏవేవి తగిలించి ఉన్నాయో ఒక ఫొటో తీస్కోండి. బ్రేక్ హోస్ క్లిప్పు, ఏబీఎస్ ఉంటే ఆ వైరు, కొన్నిటికి స్టెబిలైజర్ లింక్ (మలుపులో బండి ఒరగకుండా పట్టే కడ్డీకి కలిపే చిన్న రాడ్). అవన్నీ విడదీశాక, స్ట్రట్‌ని నకుల్‌కి (చక్రం హబ్‌ని మోసే ఇనప ముక్క) కలిపే రెండు పెద్ద బోల్టుల తలల చుట్టూ పెయింట్ మార్కర్‌తో గీత గీయండి, క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలిన కోణం, మళ్ళీ దాదాపు అక్కడికే రావడానికి అదే గుర్తు. బోల్టులు తీయగానే నకుల్ బయటికి వాలిపోతుంది, దాన్ని తీగతో కట్టేయండి, లేకపోతే బ్రేక్ హోస్ లాగబడుతుంది, డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడొచ్చే ప్రమాదం కూడా ఉంది, ఊడితే ఆ రోజు ప్రోగ్రాం వేరే.

పైన బానెట్ లోపల స్ట్రట్‌ని బాడీకి పట్టుకునే నట్లు బండిని బట్టి మారతాయి, కొన్నిట్లో చుట్టూ రెండు మూడు చిన్నవి, కొన్నిట్లో మధ్యలో ఒకే పెద్దది, కొన్నిటికి వైపర్లూ కింది ప్లాస్టిక్ కవరూ తీస్తేగానీ కనపడవు. చుట్టూ చిన్న నట్లు ఉన్న బండిలో మధ్యలో రాడ్ మీద ఉన్న పెద్ద నట్ మాత్రం ముట్టుకోకండి. స్ప్రింగ్ మొత్తాన్ని నొక్కి పట్టుకుని ఉన్నది అదే. కంప్రెసర్ పెట్టకుండా అది విప్పితే వందల కేజీల బలంతో పై సీటు సీసా మూతలా లేస్తుంది, ఎదురుగా మొహం ఉందా చెయ్యి ఉందా అని చూడదు. మధ్యలో ఒకే నట్ ఉన్న బళ్ళలో ఏ నట్ స్ట్రట్‌ని బాడీకి పట్టిందో, ఏది స్ప్రింగ్‌ని పట్టిందో మాన్యువల్ బొమ్మలో చూసి తేల్చుకున్నాకే పానా పెట్టండి. స్ట్రట్ కిందకి పడకుండా ఒకరు పట్టుకోవాలి.

స్ట్రట్ బయటికొచ్చాక కంప్రెసర్ జతని స్ప్రింగ్‌కి ఎదురెదురుగా, ఒకటి తూర్పున ఉంటే ఒకటి పడమర అన్నట్టు, వీలైనన్ని ఎక్కువ చుట్లు పట్టేలా తగిలించండి. మరలకి గ్రీజు రాయండి. ఇటు నాలుగు తిప్పులు, అటు నాలుగు తిప్పులు, ఎప్పుడూ సమానంగా, చేతి పానాతోనే, ఇంపాక్ట్ గన్ వద్దు. ఒకవైపు ఎక్కువ నొక్కితే స్ప్రింగ్ అరటిపండులా వంగి కొక్కెం జారుతుంది. స్ప్రింగ్ కొసలకి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, పిల్లల్ని ఆ గేటు దగ్గరికి కూడా రానీయకండి. స్ప్రింగ్ చేత్తో తిప్పితే తిరిగేంత వదులైనప్పుడు, అలెన్ కీతో రాడ్ తిరక్కుండా పట్టుకుని రింగు పానాతో మధ్య నట్ విప్పండి. ఇదంతా చదివి గుండె దడగా అనిపిస్తే సిగ్గుపడేదేం లేదు, స్ట్రట్‌లు విప్పి సంచిలో వేస్కుని పెద్ద స్టాండ్ కంప్రెసర్ ఉన్న షెడ్డుకి వెళ్ళండి, పదిహేను నిమిషాల్లో మార్చిస్తారు. రెండోసారి డిజైర్‌కి మేం అదే చేశాం, మొదటిసారి చూపించిన ధైర్యం మళ్ళీ రాలేదు.

పాతవి విప్పిన వరసలోనే నేల మీద పేర్చుకోండి, మౌంట్, బేరింగ్, పై సీటు, బూట్, బంప్ స్టాప్. బేరింగ్ చేత్తో తిప్పితే ఇసక పడినట్టు గరగర అంటే ఇప్పుడే మార్చేయండి, మళ్ళీ ఇదంతా విప్పే ఓపిక మీకు రాదు. బంప్ స్టాప్‌ని కోయమని స్ప్రింగ్ కంపెనీ కాగితంలో ఉంటేనే, చెప్పినంతే కోయండి. ఊహించి కోసేస్తే షాక్ లోపల లోహం లోహాన్ని గుద్దుకుంటుంది.

కొత్త స్ప్రింగ్ పొట్టిది కాబట్టి బిగించడానికి కంప్రెసర్ పెద్దగా నొక్కక్కర్లేదు, హాయి అనిపిస్తుంది. కొస సీటు మెట్టుకి తగిలిందా, పై సీటు సరైన దిక్కుకి ఉందా చూసుకుని మధ్య నట్ కొత్తది వేసి బిగించండి, లాకింగ్ నట్లు రెండోసారి వాడకండి. కారుకి ఎక్కించేటప్పుడు అన్ని నట్లూ ముందు వేళ్ళతో ఎక్కించి, తర్వాత పానా, చివర్లో టార్క్ రెంచ్. లోయర్ ఆర్మ్ బోల్టులు ఏవైనా వదులు చేసి ఉంటే వాటికీ వెనక చెప్పిన సూత్రమే, నిలబడే ఎత్తులోనే ఫైనల్.

దింపాక

చక్రాలు వేసి నేలకి దింపి, స్టార్ట్ చేసి నిలబడిన చోటే స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. టంగ్ మని శబ్దం వస్తే పై సీటో బేరింగో సరిగా కూర్చోలేదు, స్ప్రింగ్ మెలిపడి ఒక్కసారి జారుతోంది, మళ్ళీ విప్పాల్సిందే. అలాగే పోదాంలే అనుకోకండి. రెండు చివర్లలో టైరు లోపల ప్లాస్టిక్ లైనింగ్‌కి తగులుతోందా చూడండి, ఇది ఖాళీ బండితోనే కాదు, వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు కూడా చూడాలి.

మొదటిరోజు సందు చూసి "అనుకున్నంత దిగలేదు" అనిపిస్తుంది. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకో నాలుగైదు మిల్లీమీటర్లు సర్దుకుంటుంది, నాది అంతే దిగింది. వంద కిలోమీటర్ల దగ్గర అన్ని బోల్టులూ ఒకసారి టార్క్ చూసుకోండి. ఇంటి నుంచి తిన్నగా అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళి టో (పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కోణం) సరిచేయించుకోండి, సర్దుకున్నాక రెండోసారి పూర్తిగా చేయించండి. దింపినప్పుడు చక్రాలు పైభాగం లోపలికి వాలి నెగటివ్ క్యాంబర్ పెరుగుతుంది, దానికన్నా ముఖ్యంగా టో మారుతుంది, టైరు లోపలి అంచుని తినేది ఎక్కువగా టోనే. బయట నుంచి చూస్తే టైరు కొత్తదిలా ఉంటుంది, లోపల తీగలు తేలిపోయి ఉంటాయి. నెలకోసారి స్టీరింగ్ పూర్తిగా తిప్పి లోపలి అంచు మీద చెయ్యి పెట్టి చూసుకోండి. క్యాంబర్ మరీ ఎక్కువుంటే నకుల్ పై బోల్టు బదులు సన్నటి క్యాంబర్ బోల్టు వేసి కొంత తెచ్చుకోవచ్చు.

హెడ్‌లైట్లు మర్చిపోతారు అందరూ. వెనక ముందు కన్నా ఎక్కువ దిగితే ముక్కు పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, గోడ ముందు బండి పెట్టి ముందూ తర్వాతా గీతలు పోల్చి సరిచేయండి.

నడపడం కూడా కొంచెం మారుతుంది. మలుపుల్లో బండి నిటారుగా ఉంటుంది, హైవే మీద లేన్ మారినప్పుడు ఊగిసలాట తగ్గుతుంది, ఇవి నిజమే, మొదటి వారం ఇంట్లో పాల ప్యాకెట్ అయిపోయిందన్నా కారు తీసేవాణ్ణి. కాలనీ స్పీడ్ బ్రేకర్ మాత్రం ఏటవాలుగా ఒక్కో చక్రం ఎక్కించుకుంటూ దాటాలి, వెనకవాడు హారన్ కొట్టినా సరే. వర్షం నీళ్ళు నిలిచిన అండర్‌పాస్‌లోకి ఇంతకుముందు దిగినట్టు దిగొద్దు, బండితో పాటు గాలి పీల్చుకునే గొట్టం కూడా 30 కిందకి వచ్చింది. పెళ్ళికి ఐదుగురు సామాన్లతో వెళ్ళాల్సొస్తే బాబాయి వాళ్ళ బండిలో ఇద్దర్ని సర్దేయండి.

పాత స్ప్రింగ్‌లు పాత ఇనప సామాన్లకి వేయకండి. ముందు ఏవి, వెనక ఏవి, కుడి ఎడమ ఏవి అని మార్కర్‌తో రాసి కొంచెం నూనె రాసి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు స్టాక్ ఎత్తుకే ఎక్కువమంది కొంటారు, 15 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆర్టీఓ ముందు నిలబెట్టాల్సి వచ్చినా అవే వేస్కుని వెళ్ళాలి. నాది 2013 బండి కాబట్టి ఆ రోజు దగ్గర్లోనే ఉంది, ఆ సంచి ఏంటి ఇంత బరువుందని అమ్మ దసరాకి ఇల్లు దులిపినప్పుడల్లా అడుగుతూనే ఉంది.